పల్లేరుకాయల మీద కరణంగారి మనవడు

మా ముత్తాత కరణం వెంకటసుబ్బయ్య. మా తాత కరణం నరసింహయ్య. ఆళ్లగడ్డ పక్కన మా ఊళ్లో ఏ చేను ఎవరిదో, ఏ గట్టు ఎందాకో వాళ్లు నోటితో చెబితే అదే శాసనం. మా మిద్దె ముందు నడిచేవాళ్లు చెప్పులు విప్పి చేతబట్టుకునేవాళ్లు. అంతటి వంశంలో పుట్టి, ఆరేళ్ల కిందట ఒక్క మధ్యాహ్నంలో ఆ పరువునంతా పల్లేరుకాయల మీద ఎలా ఆరబోశానో చెబుతాను. మీరు నవ్వుకోండి. నేను మాత్రం వెన్ను వంచకుండానే చెబుతాను.

ఊరి పేరు చెప్పను. ఎందుకో మీకే తెలుస్తుంది.

అప్పటికి మేము నంద్యాల నూనెపల్లెలో అద్దెకుంటున్నాం. నాయన బతికున్నప్పుడు ఊళ్లో మిద్దె సంగతి ఎప్పుడడిగినా ఒకటే మాట చెప్పేవాడు: "మద్దిలేటి చూసుకుంటాండాడు లే." మద్దిలేటి మా తాత దగ్గర పనిచేసిన మనిషి కొడుకు. నాయన పోయాక కూడా ఏటా కోతలయ్యాక ఒక మూట శనగలు బస్సులో వేసి పంపేవాడు. ఇంటి కావలివాడు యజమానికి చేసే మర్యాద అనుకుని, మీసం సవరించుకుంటూ గుగ్గిళ్లు తినేవాణ్ని.

ఒకరోజు పక్కింటాయన ఫోన్ చూపించాడు. "చూడప్పా, ఎంత బాగుండాదో పాత మిద్దె." పాడుబడిన ఇళ్లు వెతికి వీడియోలు తీసేవాళ్లు ఇప్పుడు వానకు ఉసిళ్లు లేచినట్టు లేస్తున్నారు కదా. షాహిన అని నంద్యాలలో డిగ్రీ చదివే అమ్మాయి, "ఆదివారం దీని లోపలికి పోతాండాం" అంటోంది. ఆమె వెనకాల మా తాత చెక్కించిన చిలకల తలుపు.

ఆదివారం ఇస్త్రీ పంచె కట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాను. అక్కణ్నుంచి ఆటో. షాహిన, కెమెరా పట్టుకున్న ఆమె స్నేహితురాలు గేటు బయట నిలబడి ఉన్నారు.

"ఎవర్నడిగి వచ్చినారు?"

"ఇంటాయన్నడిగే వచ్చినాం అంకుల్. తాళంచెవి తెస్తానని పోయినాడు."

"ఇంటాయన్ని నేనే. కరణం నరసింహయ్య మనవణ్ని."

"అట్లైతే మీరే చూపించండి. లైవ్ పోతాండాది."

లైవ్ అనగానే నా వెన్ను ఇంకో రెండంగుళాలు లేచింది. "ముందు చెప్పులు విప్పండి. ఈ వాకిట్లో చెప్పులతో ఎవరూ నడవరు."

"అంతా పల్లేరుకాయలే అంకుల్. మేం ఈడ్నే ఉంటాం, మీరు పోండి."

పోయాను. వట్టికాళ్లతో. పల్లేరుకాయ ఎవరి మనవడివని అడగదండీ. మొదటి అడుగుకు రెండు, రెండో అడుగుకు అయిదు. వంగి తీసుకుందామంటే కెమెరా. పెళ్లికొడుకు మాదిరి నవ్వుతూ నడిచాను. కన్నీళ్లు వాటి దారిన అవి పోతున్నాయి.

"ఏడుస్తాండారా అంకుల్?"

"పాత జ్ఞాపకాలమ్మా."

తలుపుకు తాళం ఉంది. రాయి తీసుకున్నాను.

"వద్దంకుల్. మేం తాళాలు పగలగొట్టం, ఏదీ తీసుకపోం, ఊరి పేరు చెప్పం. చెప్తే దొంగలొచ్చి తలుపులు గూడా పెరుక్కపోతారు."

"నా ఇంట్లో నాకే నీతులా?" అని ఒక్క దెబ్బ వేశాను. తాళం ఊడింది. ఆ ఊపులో లోకానికంతా ఊరి పేరు, వీధి పేరు చెప్పాను. తాత తలపాగా తగిలించే చిలక్కొయ్యను గోడలోంచి పీకి చంకలో పెట్టుకున్నాను. అయిదు నిమిషాల్లో ఆ పిల్ల చెప్పిన నీతులన్నీ గట్టు దాటాయి.

అప్పుడు వచ్చాడు మద్దిలేటి. ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో తన చెప్పులు.

"సామీ, మీరా. కబురు చేసింటే ఆళ్లగడ్డ కాడికే వచ్చింటి."

"ఈ పిల్లల్ని పంపించు మద్దిలేటీ. ఇంటాయన్నడిగినారంట. ఎవడా ఇంటాయన?"

అతను పగిలిన తాళం తీసి చూశాడు. "కెమెరా ఆపు పాపా" అన్నాడు. అది ఆగిన తర్వాతే నావైపు తిరిగాడు. "మీ నాయన ఈ మిద్దె నాకు అమ్మినాడు సామీ. మీకు చెప్పొద్దని మాట తీసుకున్నాడు. నేను చెప్పలే."

ఊరి చేలన్నీ ఎవరివో చెప్పిన ఇంట్లో పుట్టి, ఆ ఇల్లు ఎవరిదో తెలియని కరణం మనవణ్ని నేను. కంచె చేను మేసిందంటారు. ఈ కంచెకు చేను యాడుందో కూడా తెలియదు.

"మరి ఇన్నేళ్లు ఈడ కాపురం ఎందుకు పెట్టలే?"

"మా నాయన చెప్పులు చేతబట్టుకొని తిరిగిన వాకిలి. నాకూ కాళ్లు రాలే."

"ఆ శనగలు?"

"మా చేలోవి. మీ నాయన ఇష్టంగా తింటాండె."

చిలక్కొయ్య తీసి అతని చేతిలో పెట్టాను. తిరిగి పోవాలంటే మళ్లీ అదే వాకిలి. మెట్టు మీద అట్లే నిలబడిపోయాను. మద్దిలేటి నా కాళ్లకేసి చూశాడు. గేటు దాకా పోయి నా చెప్పులు తెచ్చాడు.

"వద్దు మద్దిలేటీ. ఈ వాకిట్లో..."

"ఇది నా ఇల్లు సామీ. నేను చెప్తాండా, ఏసుకోండి."

అప్పుడు చూశాను. ఆయన చెప్పులు ఆయన కాళ్లకున్నాయి.

ఆ వీడియోను షాహిన తీసేసింది. నా పరువు కోసం కాదు, నేను ఊరి పేరు చెప్పినందుకు.

కాబట్టి ముత్తాత, తాతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇంటాయన్ను అడక్కుండా ఏ పాడుబడిన ఇంట్లోనూ ఇక అడుగు పెట్టను, అది మా తాత కట్టించిందైనా సరే. అడిగి పెట్టినా, చెప్పులతోనే పెడతాను.

నాయన అమ్మింది మిద్దె, గొడ్లకొట్టం, వెనక బావి. వాకిలి కూడా అందులోదే.