ఒడిబియ్యం రోజు వేయించిన వేలిముద్ర

ఇరవై ఏళ్ళకు పైగా ఒక పసుపు మరకను బీరువాలో దాచుకుని బతుకుతున్నాను. మొన్న ఫోన్లో మీరు, "నానమ్మా, నీ ప్లానింగ్ వల్లే మనం ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు, కిరాయిలొచ్చే ఆ బిల్డింగుకు నీ పేరే పెడతాం" అని మురిసిపోతుంటే ఒళ్ళు మండింది. మీ మీద కాదు.

ప్లానింగా? వినండి.

మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల కోసం ఆ గుండ్రటి పెద్ద భవనం లేస్తున్న రోజులు. సర్వే మనిషి మా ఇంట్లో చాయ్ తాగుతూ, మా రాళ్ళ చెలక పక్కనుంచే రోడ్డు పోతుందని, ఆ మెట్ట నేలకు ధర పెరుగుతుందని చెప్పాడు. ఆ చెలకలో మీ తాత చెల్లెలు సుగుణకూ వాటా ఉంది. ఆమె భర్త జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో కూలి. రోడ్డు మాట ఆమెకు చెప్పలేదు. మీ తాత వద్దంటే నేనే ఒప్పించాను. నా పిల్లలు, వాళ్ళ పిల్లలు జీతం కోసం ఎవరి దగ్గరా నిలబడకూడదు. నా తలలో అదొక్కటే.

ఐదేళ్ళకోసారి ఆడపిల్లకు పుట్టింట్లో ఒడిబియ్యం పోస్తాం కదా. ఆ రోజే ఎంచుకున్నాను. ఎందుకు? ఆ రోజు ఆడపిల్ల పుట్టింటివాళ్ళను ఏమీ అనుమానించదు. నేనూ ఒకింటి ఆడపిల్లనే, నాకు తెలియదా? కొత్త చీర కొంగులో పసుపు కలిపిన బియ్యం పోశాక, ఆ బరువుకు లేవలేక ఆమె నవ్వుతుంటే కాగితం ముందు పెట్టాను.

"ఏంది వదినె, ఒడిబియ్యానికి గూడ రసీదు రాపిచ్చుకుంటవా?" అంది. అందరూ నవ్వారు.

"పాసుబుక్కు మీ అన్న పేరు మీదికి ఎక్కాల్నట. జర వేలు పెట్టు పిల్లా."

"నువ్వు పెట్టుమంటె పెట్టనా? నాకు అన్యాలం జేస్తవా ఏంది!"

వాటా వదులుకుంటున్నట్టు రాసిన కాగితం అది. సిరా ముద్ర పక్కనే ఆమె వేలి పసుపు అంటుకుంది.

బిల్డింగు లేచాక ఆమెకు తెలిసింది. తగువు పెట్టలేదు. మళ్ళీ ఒడిబియ్యానికి పిలిస్తే, "నా ఒడి నిండిందని చెప్పుండ్రి" అని కబురు పంపింది. తిట్టినా బాగుండేది. ఇప్పటికీ జీడిమెట్లలో కిరాయి గదిలోనే ఉంది.

ఒక అంతస్తు రాసివ్వచ్చు కదా అంటారా? నా పేరున ఒక గోడ కూడా లేదు. ఎవరూ విడదీయకుండా అంతా మీ పేర్ల మీద పెట్టించింది నేనే. చూశారా నా ముందుచూపు!

నానమ్మ ఏనాడూ గొంతు పెంచదని అంటారు మీరు. మోసానికి గొంతు పెంచక్కర్లేదు. ఇదొక్కటి గట్టిగా చెబుతున్నాను: అందులో సుగుణ నేల ఉంది. నేను కాజేశాను.

గుండె కాస్త తేలికపడింది. నా మీద నాకున్న కోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.