నాగేశ్వర్ రావు సేటు కాలేజి చూపులు

ఏ ఊళ్ళో కాలేజీ బోర్డు కనిపించినా, దాన్ని తన ఫుట్‌బాల్ లీగులో కలిపేసుకునేదాకా నాగేశ్వర్ రావు సేటుకు అన్నం సహించదు. మనిషికి ఉన్న జబ్బు అదొక్కటే. మిగతా అన్ని విధాలా ఆయన మిర్యాలగూడలో తాతల నాటి రైస్ మిల్లు నడుపుకుంటూ, పొద్దున్నే పూజ చేసుకుని, ఎవరి జోలికీ పోని పెద్దమనిషి.

ఆ జబ్బు గురించి శశిధర్‌కు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. శశిధర్ సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీలో పీడీ, అంటే పిల్లల చేత ఆటలాడించే సారు. సేటు సెక్రెటరీగా ఉన్న మూసీ కాలేజీల ఫుట్‌బాల్ లీగుకు ఆయన జాయింట్ సెక్రెటరీ కూడా. ఆ పదవి ఆయన అడిగి తీసుకున్నది కాదు. ఒకనాడు సేటు మిల్లులో చాయ్ తాగడానికి కూర్చున్నాడు, లేచేసరికి అది మెడలో పడి ఉంది.

లీగు మొదలైనప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, అంతే. చూడముచ్చటైన లీగు. ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో చిన్నపిల్లవాడైనా చెప్పగలడు. సేటు ఊరుకుంటేగా! నడిగూడెం వచ్చింది. తుంగతుర్తి వచ్చింది. ఆ తర్వాత బస్సు కండక్టర్లు కూడా నోరు తిరగక తికమకపడే ఊళ్ళు వచ్చాయి.

ఒకసారి సేటుకు కడుపునొప్పి వచ్చి దవాఖానలో చేర్చారు. శశిధర్ చూడబోయేసరికి కొత్త డాక్టరు మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

"నొప్పి ఎక్కడుంది?"

"అది తర్వాత సూద్దాం గని డాక్టర్ సాబ్, మీది ఏ ఊరు?"

డాక్టరు ఊరి పేరు చెప్పాడు.

"గాడ జూనియర్ కాలేజి ఉండాలె గద?"

"ఉంది. అక్కడే చదివాను. ముందు నొప్పి ఎక్కడో చెప్పండి."

"గ్రౌండ్ ఎంతుంటది?"

డాక్టరు సూది తీశాడు. సూది దిగుతున్నా సేటు కిక్కురుమనలేదు. "మా మిల్లు జాగంత ఉంటదా, జర పెద్దగుంటదా?" అని అడుగుతూనే ఉన్నాడు.

కొత్త కాలేజీని చేర్చుకునే పద్ధతి కూడా సేటు సొంతంగా పెట్టిందే. దానికి కాలేజి చూపులు అని పేరు. ఆ రోజు సేటు ఇస్త్రీ చేసిన తెల్లబట్టలు వేసుకుంటాడు. కారులో ఒక పళ్ళెంలో అరటిపండ్లు, మరో పళ్ళెంలో పాలకోవా, మూడో పళ్ళెంలో బొట్టు పెట్టిన కొత్త ఫుట్‌బాల్. కాలేజీ వాళ్ళు గ్రౌండు చూపించాలి, పిల్లల్ని ఒకసారి పరుగెత్తించాలి, చాయ్ పోయాలి. అన్నీ చూశాక సేటు గంభీరంగా, "మావోళ్ళతోని మాట్లాడి కబురు చేస్తం" అని లేస్తాడు. ఆయన ఆ కాలేజీని ఇంట్లో బయలుదేరేటప్పుడే ఒప్పేసుకుని ఉంటాడు.

నడిగూడెం చూపులకు పోయినప్పుడు అక్కడి ప్రిన్సిపాల్ ఈ పళ్ళేలు చూసి కంగారుపడ్డాడు.

"మా పాప చదువు అయ్యేదాక సంబంధాలు చూసుడు లేదండి" అన్నాడు.

"పాప సంగతి కాదు సార్. మేం మీ గ్రౌండ్ కోసం వచ్చినం."

ప్రిన్సిపాల్ ఇంకా భయపడ్డాడు. "గ్రౌండ్ అమ్మెటందుకు నాకు హక్కు లేదు. అది సర్కారుది!"

తీరా గ్రౌండుకు పోతే అక్కడ ఎవరో వడ్లు ఆరబోసి ఉన్నారు. సేటు అలవాటుకొద్దీ నాలుగు గింజలు నోట్లో వేసుకుని కొరికి, "ఇంకా తేమున్నది" అన్నాడు. తర్వాత పిల్లలు వడ్ల కుప్పల చుట్టూ తిరిగి పరుగెత్తారు. సేటు వాళ్ళలో ఒకణ్ణి మాత్రం దగ్గరికి పిలిచి, భుజం మీద చెయ్యేసి ఏదో మాట్లాడాడు. ఏ చూపులకు పోయినా అలాగే ఎవరో ఒకణ్ణి పిలిచి మాట్లాడేవాడు. శశిధర్ ఆ సమయంలో పాలకోవా తింటూ ఉండేవాడు.

తుంగతుర్తి జట్టు మొదటి మ్యాచ్ కోదాడతో. పాపం, వాళ్ళలో ఒకడు తప్ప అందరూ కబడ్డీ ఆడేవాళ్ళే. కోదాడ కుర్రాడు బంతితో దూసుకొస్తుంటే తుంగతుర్తి డిఫెండర్ వంగి రెండు చేతులతో వాడి మడమ పట్టుకున్నాడు. మిగతావాళ్ళు ఉత్సాహంగా వచ్చి మీద పడ్డారు. రెఫరీగా ఉన్న శశిధర్ గట్టిగా ఈల వేస్తే, "పాయింట్ మాదే గద సార్?" అన్నారు.

కోదాడ జట్టును చూసుకునే పీడీ రాజేశ్వరి మేడం నేరుగా సేటు దగ్గరికి వచ్చింది. "సేటు గారూ, మా పిల్లలు ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చారా, కుస్తీకి వచ్చారా?"

"ఇయ్యాల్నే గద మేడం చేరిండ్రు. జర అలవాటు గానీయుండ్రి."

"వీళ్ళకు అలవాటయ్యేలోపు మా వాళ్ళకు ఎముకలు మిగలవండీ. ఇలాగే ఎవర్ని పడితే వాళ్ళని చేరుస్తూ పోతే మేం ఖమ్మం వైపు లీగులోకి వెళ్ళిపోతాం. వాళ్ళు అడుగుతున్నారు కూడా."

రాజేశ్వరి ఉత్తుత్తి బెదిరింపులకు పోయే మనిషి కాదు. కోదాడ పోతే లీగుకు నడుము విరిగినట్టే. శశిధర్‌కు బెంగ పట్టుకుంది. సేటుకు మాత్రం అదేమీ పట్టలేదు. మర్నాడు పొద్దున్నే లీగు వాట్సాప్ గ్రూపులో, "ఒక మంచి కాలేజి తోటి మాటలు నడుస్తున్నయ్. ఎవరో చెప్పుకోండ్రి" అని పెట్టాడు, కింద నమస్కారం బొమ్మతో సహా.

అసలు ఈ మనిషికి ఇంత ఆరాటం ఎందుకు? పీడీలందరూ కలిసి దానికి ఒక జవాబు కనిపెట్టారు. సేటు ఎవరు? మిల్లు యజమాని. కాలేజీ అంటే ఏమిటి? హాస్టల్. హాస్టల్ అంటే? బియ్యం! ఇక చెప్పేదేముంది, లీగులో ఎన్ని కాలేజీలు చేరితే సేటు బియ్యం అన్ని చోట్లకు పోతాయి. ఈ జవాబు అందరికీ నచ్చింది. శశిధర్‌కు మరీ నచ్చింది. దాంతో ఎవరూ ఇంకేమీ అడగలేదు.

ఆ ఏడాది శశిధర్‌కు సొంత దిగులు కూడా ఒకటి తోడైంది. ఆయన జట్టులో వంశీ అని ఎడమకాలి ఆటగాడు ఉండేవాడు. అటువంటి కాలు మళ్ళీ తన చేతికి రాదని శశిధర్‌కు తెలుసు. వంశీ వాళ్ళ నాన్న లారీ డ్రైవర్. యాక్సిడెంటులో నడుము దెబ్బతిని మంచాన పడితే, వంశీ ఆఖరి ఏడాదికి టీసీ తీసుకుని ఇంటి దగ్గర ఏదో కాలేజీలో చేరిపోయాడు. "ఆట మాత్రం ఇడువకురా" అన్నాడు శశిధర్. ఏ ఊరు, ఏ కాలేజీ, అక్కడ ఎవరితో ఆడతాడు అని అడగలేదు. తర్వాత ఫోనూ చేయలేదు. ఇవాళ, రేపు అనుకుంటూనే నెలలు గడిచిపోయాయి.

సీజన్ ముందు మీటింగు సేటు మిల్లు ఆఫీసులో జరిగింది. బయట వడ్లు ఉడుకుతున్న వాసన, లోపల చాయ్, మిర్చి బజ్జీలు. సేటు నవ్వుతూ లేచాడు.

"ఈసారి వాడపల్లి వస్తది" అన్నాడు.

"వాడపల్లా? అక్కడ సిమెంటు లారీలు తప్ప ఏమున్నాయండీ?" అంది రాజేశ్వరి.

"చిన్న డిగ్రీ కాలేజి ఉన్నది మేడం. గ్రౌండ్‌ల లారీలు పెడుతున్నరు నిజమే గని, మ్యాచ్ ఉన్ననాడు తీస్తమన్నరు."

"వాడపల్లి వస్తే మేం ఉండం. ఇది నా ఆఖరి మాట."

అందరూ శశిధర్ వైపు చూశారు. ఆయన లేచి, ఈ సీజన్‌కు కొత్తవాళ్ళెవరూ వద్దు, గేటు మూసేద్దాం అన్నాడు. అంతటితో కూర్చుంటే బాగుండేది. ఎదురుగా నవ్వుముఖాలు కనిపించేసరికి నోరు ఆగలేదు.

"ఇంతకు వాడపల్లి హాస్టల్‌కు ఎన్ని బస్తాలు పోతయ్ సేటూ?"

గదంతా గొల్లుమంది. సేటు నవ్వలేదు, కోప్పడలేదు. "సరే సార్. మీరందరు ఎట్లంటె గట్ల. చాయ్ సల్లారుతది, తాగుండ్రి" అన్నాడు. వాడపల్లి లీగులోకి రాలేదు. కోదాడ పోలేదు. శశిధర్ లీగును కాపాడానని సంతోషంగా బస్సెక్కాడు.

సీజన్ చివరికి వచ్చిన రోజుల్లో శశిధర్ పెద్దమ్మ అస్థికలు కలపడానికి వాడపల్లి పోయాడు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట పని ముగించుకుని తిరిగి వస్తుంటే, దారిలో ఆగి ఉన్న లారీల మధ్య బంతి చప్పుడు వినిపించింది. పీడీ చెవికి ఆ చప్పుడు వినిపించాక కాళ్ళు ముందుకు పోవు. తొంగి చూస్తే అది కాలేజీ గ్రౌండు, అక్కడ వంశీ కొందరు పిల్లలకు ఎడమకాలితో కొట్టడం నేర్పుతున్నాడు.

"వంశీ! నువ్వు గీడేంది?"

"మాది గీ ఊరే గద సార్. గీ కాలేజిలనే చదువుతున్న." వాడు పరుగున వచ్చి చెమట చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "మమ్ముల లీగుల కలుపుతనని సేటు చానసార్లు వచ్చిండు సార్. ఇగ ఈయేడు కాదని మళ్ళొచ్చి చెప్పిండు."

"ఎందుకు కాదో చెప్పిండా?"

"గ్రౌండ్ చిన్నగున్నదట. రూల్ ఒప్పుకోలేదట."

అలాంటి రూల్ ఏదీ లేదు. శశిధర్ అసలు సంగతికి వచ్చాడు. "మీ హాస్టల్‌కు బియ్యం ఎవరు పంపుతరు?"

"హాస్టలా?" వంశీ నవ్వాడు. "మా కాలేజికి బాత్రూమే లేదు సార్."

"నడిగూడెంల?"

"గాడ గూడ హాస్టల్ లేదు. కోదాడల ఆడే వినోదన్న ఇంటికాడ ఇబ్బందై నడిగూడెం మారిండు గద, అందుకే సేటు నడిగూడేన్ని తెచ్చిండు. లక్ష్మయ్య తుంగతుర్తికి పోతె తుంగతుర్తిని తెచ్చిండు. పిలగాండ్లందరికి తెలుసు సార్. మీకు తెల్వదా?"

శశిధర్‌కు తెలియదు. ఇన్ని చూపులకు పోయాడు, ఇంత కోవా తిన్నాడు, ఒక్కసారి కూడా సేటు ఎవరితో మాట్లాడుతున్నాడో తిరిగి చూడలేదు. తన ఆటగాడి కోసం మిర్యాలగూడ నుంచి ఒక మిల్లు సేటు వచ్చి తిరిగాడు. తాను సూర్యాపేటలో కూర్చుని ఆ ఆటగాడి ముఖం మీదే గేటు మూశాడు. పైగా జోకు వేశాడు. ఆ జోకుకు అందరూ నవ్వినప్పుడు తనకు కలిగిన సంతోషం గుర్తొచ్చి ఆయన సిగ్గుతో చితికిపోయాడు.

అక్కడి నుంచి నేరుగా మిల్లుకు పోయాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు సేటూ?"

"ఏమని చెప్పాలె? ఒక్క పిలగాని కోసం కాలేజిని కాలేజే తెస్తున్న అంటె మీరు ఒప్పుతరా? సేటు వ్యాపారం చేసుకుంటున్నడు అనుకుంటె ఎవ్వరికి పరేషాన్ లేదు."

"నేను అంత మాటంటె కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? నాలుగొద్దులు వాట్సాప్ మూసుకొని కూసున్న" అన్నాడు సేటు. ఆయన దృష్టిలో అంతకు మించిన కోపం లేదు. "పిలగాడు కష్టమొచ్చి కాలేజి మారిండు. ఆట గూడ ఎందుకు పోగొట్టుకోవాలె సార్?"

శశిధర్ అప్పటికప్పుడు రాజేశ్వరికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. ఆమె "మా వినోద్ కోసమా అండీ?" అని మాత్రం అంది. కానీ సీజన్ అయిపోవచ్చింది. పరీక్షలు దగ్గరపడ్డాయి. వంశీ ఆడాల్సిన ఏడాది వంశీ ఆడకుండానే గడిచిపోయింది. తప్పు ఒప్పుకుంటే గుండె బరువు కొంత తగ్గుతుందేమో గానీ, పోయిన సీజన్ తిరిగి రాదు. ఆ బాధ శశిధర్‌ను ఎండాకాలమంతా వదల్లేదు.

కొత్త విద్యాసంవత్సరంలో మీటింగు పెట్టగానే శశిధర్ అందరికంటే ముందు లేచాడు. "వాడపల్లిని తీసుకుందాం" అన్నాడు.

"తీసుకోవాలండీ" అంది రాజేశ్వరి.

"వద్దు" అన్నాడు సేటు.

మిర్చి బజ్జీ తింటున్నవాళ్ళు నమలడం ఆపేశారు. సేటు నోటి నుంచి ఒక కాలేజీ గురించి ఆ మాట రావడం ఎవరూ ఎరగరు.

"వంశీ పాసయిపోయిండు సార్. సిమెంటు ఫ్యాక్టరీల పనికి కుదిరిండు. ఇగ గాడ ఆడెటోడు ఎవడున్నడు?"

"ఉన్నరు సేటూ" అన్నాడు శశిధర్. "ఆడనిస్తలేరని వాడు ఏడాదంత పిలగాండ్లకు నేర్పిండు. జట్టు తయారైంది. పోయిన ఆదివారం నేనే పోయి చూసొచ్చిన. అరటిపండ్లు, పాలకోవా తీస్కపోయిన."

సేటు ముఖం ఎర్రబడింది. "నాకు చెప్పకుంట చూపులకు పోయిండ్రా? ఈ లీగుకు సెక్రెటరీ నేనా, మీరా?" అని టేబుల్ మీద చరిచాడు. ఆ కోపం నిజమైనదే. కాసేపటికి గొంతు తగ్గించి, "కోవా ఏ షాపుల తీసుకున్నరు?" అని అడిగాడు. షాపు పేరు విని, అక్కడ బాగుండదని విసుక్కుని, వాడపల్లికి ఒప్పుకున్నాడు.

వాడపల్లి మొదటి మ్యాచ్ సూర్యాపేటతోనే పడింది. లారీలు తీశారు గానీ నేలంతా సిమెంటు దుమ్ము. ఆట మొదలయ్యాక వంశీ డ్యూటీ దిగి, ఫ్యాక్టరీ బట్టల్లోనే వచ్చి గీత బయట నిలబడ్డాడు. వాడు ఆడాల్సిన చోట వేరే పిల్లవాడు పరుగెత్తుతున్నాడు. శశిధర్‌కు వాడి కాళ్ళ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. క్షమాపణ చెప్పాలని దగ్గరికి పోయాడు.

"మీవోళ్ళను జర మెల్లగ ఆడమనుండ్రి సార్. మావోళ్ళు కొత్త" అన్నాడు వంశీ.

అంతలో వాడపల్లి కుర్రాడొకడు బంతిని ఎడమకాలికి మార్చుకుని, అచ్చం వంశీ కొట్టినట్టే వంగి కొట్టాడు. బంతి సూర్యాపేట గోల్‌కీపర్‌ను దాటి లోపలికి పోయింది. గ్రౌండులో అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది శశిధర్. సూర్యాపేట పిల్లలు నోళ్ళు తెరిచి తమ సారు వైపు చూశారు.

సేటు గాభరాగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "శశిధర్ సార్, గోల్ పడ్డది మీకు!"

"తెలుసు సేటూ" అన్నాడు శశిధర్, చప్పట్లు ఆపకుండా.