బియ్యం గుమ్మిలో దాచిన ఆట

మా చిన్నప్పుడు... మానుకోటలో మా ఇంటి ముందరి గదిలో గోనెసంచి పరుచుకొని సుగుణా, నేనూ టీవీ ముందు కూర్చున్నాం. ఆట పెట్టాం. తెర మీద రెండు పేర్లు ఉండాల్సిన చోట ఒక్కటే ఉంది. సుగుణది ఉంది... నాది లేదు!

ఎండాకాలం సెలవులన్నీ ధారపోసిన ఆట అది. ఎనభైల చివర్లో మా మేనమామ మస్కట్ నుంచి వస్తూ ఒక టీవీ గేమ్ తెచ్చాడు. దూకే ఆటలు, కాల్చే ఆటలు అందరూ ఆడేవాళ్లు. ఒక్క క్యాసెట్ మాత్రం వేరు... అందులో ఒక వీరుడు ఊరూరా తిరగాలి, కనబడ్డ మనిషితో మాట్లాడాలి, కత్తి సంపాదించాలి, రాక్షసుల్ని కొడుతూ బలం పెంచుకోవాలి. నెలలు పట్టేది. ఎవరు ఎక్కడ ఆపామో, వాళ్ల పేరు మీద క్యాసెట్టే గుర్తు పెట్టుకునేది. చిక్కల్లా ఒక్కటే... రాతంతా జపాను భాష.

సుగుణ వాళ్లది మా వెనక వాడకట్టు. వాళ్లమ్మ మిరపతోటల్లో కూలికి వెళ్లేది. సుగుణ నాకంటే ఏడాది పెద్దది, ఓపికలో పదేళ్లు పెద్దది. ఆ జపాను గీతల్ని నోటుబుక్కులో బొమ్మల్లా దించేది. కొడవలి లాంటి గీత ఉంటే కొట్టడం, పీట లాంటిది ఉంటే మందు తాగడం... అట్లా. సింహాసనం మీది రాజుకు 'దొర' అని పేరు పెట్టింది కూడా తనే. దొర దగ్గరికి వెళ్లి మాట్లాడితేనే అప్పటిదాకా ఆడింది క్యాసెట్‌లో నిలిచేది మరి.

"ఏ రాజ్యంల వోయినా దొర కాల్మొక్కుడు తప్పదే పద్మా," అని నవ్వేది.

నేను నవ్వేదాన్ని కాదు. నాకు అనుమానం... ఆ గీతలన్నీ దీనికే ఎందుకు తెలియాలి? నేను లేనప్పుడు మా అవ్వను మంచి చేసుకొని ఒక్కతే ఆడుతోందేమో? అవ్వకు సుగుణ అంటే ప్రాణం. అడిగితే కాదనదు.

అందుకే నా జాగ్రత్త నాది. సుగుణ ఆడిన రోజు తనే బుద్ధిగా స్విచ్ ఆపేది. నేను ఆడిన రోజు మాత్రం, తను గడప దాటిందో లేదో, చటుక్కున క్యాసెట్ పీకి వంటింట్లోకి పరుగు. బియ్యం గుమ్మిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున దాచేదాన్ని. గేమ్ మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉండేది. అది తర్వాత సంగతి... ముందు క్యాసెట్ దాగాలి కదా!

ఇంత చేసినా నా ఆట పోయింది. ఇంకేం... దొంగ దొరికింది.

"నువ్వే తీసేసినవ్," అన్నాను.

"నేనెందుకు తీస్తనే?"

"మరి నీదెట్ల ఉన్నది? చెరిపేసేది ఏదో నీకే ఎర్క!"

బియ్యం చెరుగుతున్న అవ్వ చేట ఆపింది. "దోస్తు మీద గట్ల నింద వెయ్యొద్దు బిడ్డా," అంది. నేను వినలేదు.

సుగుణ ఏడవలేదు. నోటుబుక్కు నా ఒళ్లో పెట్టి, "నువ్వే ఉంచుకో," అని లేచి వెళ్లిపోయింది. తప్పు చేయని మనిషైతే ఏడ్చేది కదా, అనుకున్నాను. ఆ నోటుబుక్కును తెరవకుండానే ట్రంకు పెట్టె అడుగున పడేశాను. తను మళ్లీ మా గడప తొక్కలేదు. మరుసటేడు వాళ్ల కుటుంబం రేగొండ వైపు వెళ్లిపోయింది.

ఇప్పుడు నాకు యాభై దగ్గర పడుతోంది. అట్లాంటి పాత క్యాసెట్లు పోగుచేసే పిచ్చి పట్టింది. అనుమానం మాత్రం అట్లాగే ఉంది... లేబుల్ మెరిస్తే నకిలీ అంటాను, స్క్రూల మీద గీతలుంటే లోపల ఏం మార్చావని అమ్మేవాణ్ని నిలదీస్తాను. నిజం చెప్పాలంటే ఆ ఆటలు బాగా ముసలివైపోయాయి. నాలుగడుగులు వేస్తే రాక్షసుడు, మళ్లీ నాలుగడుగులకు అదే రాక్షసుడు! మా అమ్మాయి ఐదు నిమిషాలు చూసి, "గిదేంది మమ్మీ, నిద్రొస్తున్నది!" అని లేచిపోయింది. కానీ మొదటి ఊళ్లో ఆ పాట మొదలైతే నాకు ఇప్పటికీ గోనెసంచి వాసన వస్తుంది.

పోయిన నెల మా పాత ఆటే దొరికింది. ఎప్పటిలాగే అమ్మినాయనకు ఫోన్ చేసి సవాలక్ష ప్రశ్నలు వేశాను. ఆయన విసుక్కోకుండా చివర్లో ఒక మాట చెప్పాడు.

"ఒక్కటి యాదికుంచుకోండ్రి మేడం. స్విచ్ ఆపకుండ క్యాసెట్ పీకొద్దు. పదిసార్లు ఏం గాకున్నా, ఏదో ఒకనాడు ఆఖర్ల ఎవల ఆట నడిచిందో, వాళ్లదే పోతది."

ఫోన్ పెట్టేశాను. ఎర్ర లైటు... గుమ్మి... నా పరుగు...

ట్రంకు పెట్టె తీశాను. నోటుబుక్కు పసుపు పచ్చబడింది కానీ పెన్సిలు గీతలు అట్లాగే ఉన్నాయి. ఒక పేజీలో ఒక గీత చుట్టూ గుండ్రంగా సున్నా చుట్టి ఉంది. దాని మీద ఫోన్ కెమెరా పెట్టి తెలుగులోకి మార్పించాను... 'చెరిపివేయి' అని వచ్చింది. పక్కనే సుగుణ రాత.

"గిది ఒత్తొద్దు. ఒకపారి నాది పోయింది. పద్మది పోవద్దు."

తర్వాత రాసిందేమో అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది... నా బుద్ధి అట్లాంటిది! కానీ నింద పడగానే బుక్కు నా ఒళ్లో పెట్టింది కదా... రాయడానికి టైం ఎక్కడిది? తన ఆట పోయిన రోజు నన్ను ఒక్క మాట అనలేదు. మొదటినుంచి మొదలుపెట్టుకుంది అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పటి ఆటలు వాటంతటవే అన్నీ దాచుకుంటాయి. దొర కాళ్లు మొక్కే పని లేదు, గుమ్మిలో చెయ్యి పెట్టే పని లేదు... పక్కన కూర్చొని గీతలు దించే మనిషి కూడా అక్కర్లేదు.

మీరూ ఎప్పుడైనా దోస్తును ఇట్లా ఉత్తపుణ్యానికి పోగొట్టుకున్నారా... మనసుకు తోస్తే కింద రాయండి. రేగొండ వైపు ఎవరికైనా సుగుణ తెలిస్తే ఒక్క మాట చేరవేయండి... ఆట పోగొట్టింది తను కాదని పద్మకు తెలిసిందని.