కందికట్టె తూటాలు

సినిమా కంపెనీ వాళ్లకు తూటాల పేరుతో పిప్పరమెంటు కడ్డీలు అమ్మిన ఘనత వికారాబాదు మొత్తంలో నా ఒక్కదానికే దక్కింది. అంత తెలివితక్కువ పని నాకు ముందు ఎవరూ చేయలేదు, తరువాత చేసినట్టూ వినలేదు. మొన్న మధ్యాహ్నం టీవీలో ఆ పాత బందిపోటు బొమ్మ వచ్చింది. పక్కన కూర్చున్న మనవడు దొంగల నాయకుడి ఛాతీ మీది పట్టీని చూసి, "అవి ఉత్తుత్తి తూటాలు అమ్మమ్మా, చూస్తేనే తెలుస్తోంది" అని పెదవి విరిచేసరికి నాకు రోషం వచ్చింది. రాదూ మరి, ఆ సరుకు నాది.

అరవయ్యో దశకం మొదటి రోజులవి. నాయిన కళ్లకు శుక్లాలు కమ్మడంతో మా కిరాణా దుకాణంలో గల్లాపెట్టె ముందు నేను కూర్చోవలసి వచ్చింది. మగపిల్లలు లేని ఇల్లు. తాండూరులో రంగు కాగితాలు, పెళ్లిసామాను అమ్మే మా మేనమామ, ఆడపిల్ల దుకాణం నడపడమేమిటని, సరుకుతో సహా తనకు అప్పగించమని వచ్చినప్పుడల్లా నాయినను పోరేవాడు. ఎండాకాలం వెళ్లేదాకా ఆగమన్నాడు నాయిన. ఆ గడువు నన్ను చూడడానికేనని నాకు తెలుసు. గల్లా దగ్గరనుంచి లేచే ఉద్దేశం నాకు బొత్తిగా లేదు.

అలాంటి రోజుల్లో అనంతగిరి గుట్టల్లో సినిమా తీయడానికి ఒక కంపెనీ దిగింది. దొంగల పట్టీల్లో గుచ్చవలసిన ఉత్తుత్తి తూటాల పెట్టె రైల్లో ఎక్కడో తప్పిపోయిందట. వడ్రంగి వారం రోజులు కావాలన్నాడని మేనేజరు బజారంతా తిరిగి మా మెట్లెక్కాడు. రేపు పొద్దున్నే ఇస్తానన్నాను. చవగ్గా వస్తున్నాయని నేనే బేరమాడి కొని, ఎవరూ అడగక మూలన పడిన పిప్పరమెంటు కడ్డీల డబ్బా ఒకటి అప్పటికే నా కళ్లముందు మెదులుతోంది. వేలెడంత కడ్డీలు, వాటికి బాసికాలకు చుట్టే బంగారు కాగితం చుడితే అచ్చం తూటాలే. పాత సరుకు వదులుతుంది, కంపెనీ పని జరుగుతుంది, మామ నోరు మూతపడుతుంది. ఒకే బేరంలో మూడు లాభాలు చూసుకున్న మనిషికి నాలుగోది కనిపించదు కదా. నాకు ఎండ కనిపించలేదు.

మరునాడు మిట్టమధ్యాహ్నానికి మేనేజరు జీపులో వచ్చి పడ్డాడు. కొండమీద కడ్డీలు కరిగి దొంగల చొక్కాలమీద పాకం కారిందట. ఆ వాసనకు గుట్టమీది కోతులన్నీ దిగాయట. బొమ్మలో ఊళ్లకు ఊళ్లు దోచుకునే ఆ బుర్రమీసాల నాయకుడు గుర్రం వదిలేసి జీపుకింద దూరాడట.

"తూటాలు అడిగితే మిఠాయి ఇస్తావటమ్మా?"

"కోతులొస్తయని మీరు చెప్పిన్రా సారూ?" అన్నాను గానీ, లోపల మంచంమీద నాయిన వింటున్నాడని తెలిసి గొంతు తగ్గించాను. "రేపు పొద్దుగాల కొత్తయి ఇస్త. ఇయ్యకుంటే మీ పైసలన్ని వాపస్."

మాట అయితే ఇచ్చాను. వంటింట్లోకి వెళ్తే అమ్మ కందికట్టె విరిచి పొయ్యిలో పెడుతోంది. చేతినుంచి లాక్కుని చూశాను. వేలంత లావు, ఎండి గట్టిపడి ఉంది, ఎండకు కరగదు, ఏ కోతికీ పనికిరాదు. కట్టెలు మా పెరడు నిండా ఉన్నాయి. లేనిది బంగారు కాగితమే. మొదటి విడతకు అంతా వాడేశాను. పెళ్లిళ్ల కాలం కనక బజారులో ఒక్క ఠావు కాగితం కూడా దొరకలేదు. ఇక మిగిలింది తాండూరులో మామ దుకాణం.

ప్యాసింజరు పట్టుకుని వెళ్లాను. సాయంత్రం బండికి తిరిగి రాకపోతే అంతా వృథా. అయినా తొందర కనబడనీయకుండా ముందు ఎర్రకాగితం, పచ్చకాగితం తిరగేసి, చివరకు ఏదో గుర్తొచ్చినట్టు బంగారు కాగితం ధర అడిగాను. మామ రెట్టింపు చెప్పాడు. అలవాటు ప్రకారం మెట్లు దిగాను, అతను పిలిచాడు. కాస్త తగ్గించాడు. మళ్లీ దిగాను. ఈసారి పిలవలేదు. వీధి చివరిదాకా నడిచి, చెవులు వెనక్కే పెట్టుకుని నిలబడ్డాను. పిలుపు రాలేదు, స్టేషనువైపునుంచి గంట మాత్రం వినిపించింది. బేరాల్లో పుట్టి పెరిగినదాన్ని, నా అంతట నేను వెనక్కు తిరగడం అదే మొదలు.

అవసరం నాదని పసిగట్టి మామ నవ్వాడు. "తిరిగొచ్చినవంటే గరజు నీదే, బిడ్డా."

"ఔ మామా, నాదే. గల్లా ఇడిసేది లేదు నేను. నువ్వు చెప్పిన ధరకే కట్టియ్యి."

మామ ఒక్క పైసా తగ్గించకుండా కాగితం కట్టి, పైన ఒక జిగురు సీసా పెట్టాడు. కొసరన్నాడు. నాయినకు చెప్పొద్దన్నాడు.

ఇంటికొచ్చి అమ్మా నేనూ కూర్చున్నాం; నేను కట్టెలు నరికి మొన చెక్కుతుంటే అమ్మ కాగితం చుట్టింది. "పొయ్యిల పెట్టే కట్టెకు బంగారం తొడుగుతున్నవు గదనే" అని గొణుగుతూనే, ముడత ఒక్కటి కూడా పడనివ్వలేదు. నాయిన తడుముకుంటూ వచ్చి ఒక తూటా అరచేతిలో ఆడించాడు.

"మస్తు తేలికున్నది బిడ్డా."

"బరువు కెమెరాకు తెల్వదు నాయినా."

తెల్లవారాక సరుకుతోపాటు కొండకు నేనే వెళ్లాను. ఒక కోతి దొంగ భుజమెక్కి, తూటా ఒకటి పీకి, కొరికి చూసి, మొహం చిట్లించి అవతల పారేసి పోయింది. అంతకన్నా గట్టి కితాబు నా సరుకుకు మళ్లీ ఎవరూ ఇవ్వలేదు. ఆ పూట చిత్రీకరణ ఆగకుండా సాగింది.

ఇప్పుడు అన్నీ కంప్యూటరులోనే చేస్తారని మనవడు చెప్పాడు; తూటా వద్దు, తుపాకీ కూడా వద్దట. మంచిదే, ఎవరి చొక్కామీదా పాకం కారదు. కాకపోతే, కావలసిన సరుకు కోసం బజారు బజారంతా తిరిగే మేనేజరూ ఉండడు, ఉన్నదాన్ని లేనిదానిగా చేసి ఇచ్చే దుకాణమూ ఉండదు. మెట్లు దిగిన మనిషిని వెనక్కు పిలిచే అలవాటు కూడా పోయింది. ధర సెల్‌ఫోనులో వస్తుంది, నొక్కితే కొన్నట్టు, లేకపోతే లేదు. ఆ బొమ్మలో నా తూటాలు కనిపించేది కూడా రెప్పపాటే. నాయకుడు వెల్లకిలా పడినప్పుడు ఎండకు ఒక్కసారి మెరుస్తాయి. మనవడికి ఉత్తుత్తివిగా కనబడ్డాయి; నాకు మాత్రం అమ్మ వేళ్లు కనబడ్డాయి.

ఇక లెక్క. కంపెనీ ఇచ్చినదాంట్లో కాగితమూ రైలు ఖర్చూ పోను పిప్పరమెంటు డబ్బా ఖరీదు రాలేదు. వంటచెరుకు తరిగింది. మామకు దక్కిన లాభం నాకు దక్కలేదు. వెరసి నష్టమే, ఎటు కూడినా అంతే. మరునాడు నాయిన దుకాణంలోకి వచ్చి, గల్లా ముందు తను ఎప్పుడూ కూర్చునే చోటు తడిమి, అక్కడ నేనున్నానని తెలిశాక, పక్కనున్న బియ్యం బస్తామీద కూర్చున్నాడు.