పై మెట్టు పద్యం

ఆపరేషన్ అయి గదిలోకి మార్చిన మరునాడు నాయన చెయ్యి గాల్లో తిప్పి టేపు పెట్టమన్నాడు. మెడ చుట్టూ కట్టు, కట్టు మధ్య చిన్న గొట్టం. ఊపిరి అందులోంచే వస్తూ పోతూ ఉంది. మాట ఇక రాదని వేలూరు డాక్టర్లు ముందే చెప్పారు. నేను టేప్‌రికార్డర్‌ను మంచం పక్క బల్ల మీద పెట్టి మీట నొక్కాను.

మొదటి పద్యం బాగానే ఉంది. రెండోది కొంచెం దూరమైంది. ఆ తర్వాతవి ఎవరో రెండు చేల అవతల నిలబడి పాడుతున్నట్టున్నాయి. చివరి పద్యం దగ్గర నాయన గొంతు పూర్తిగా అణిగిపోయి, ఒక మనిషి రొప్పడం మాత్రం గది నిండా వినిపించింది. ఆ రొప్పు నాది.

నాయన నావైపు చూశాడు. వేలు పైకెత్తి, పైన, పైన అన్నట్టు ఆడించాడు. టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే రొప్పు.

మాది వడమాలపేట దగ్గర పల్లె. ఎండాకాలంలో ధర్మరాజు గుడి ముందర భారతం జరుగుతుంది. అందులో ఒకరోజు అర్జునుడు శివుడి కోసం తపస్సు మాను ఎక్కుతాడు. తాటిచెట్టంత మాను నాటి దానికి అడ్డంగా మెట్లు కొడతారు. అర్జునుడి వేషం కట్టినవాడు ఎక్కుతూ, ఆగుతూ, ఆగినచోటల్లా ఒక పద్యం పాడుతూ కొనకు చేరి, అక్కడ నుంచి నిమ్మకాయలు, విబూది కిందికి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను కింద కొంగు పట్టి ఉంటారు. మా నాయన సేద్యం చేసుకునే మనిషి. పెళ్లికి ముందు నుంచీ ఆ మాను ఎక్కింది ఆయనే.

పద్యాలు నేర్పిన వాద్యారు ఎప్పుడో పోయాడు. నాయనకు సంతకం తప్ప రాత రాదు. కింది మెట్ల పద్యాలు ఊళ్లో చాలామందికి వచ్చు. పై మెట్టు పద్యం సంగతి వేరు. ఆయన కొనకు చేరగానే జనం గోవిందలు పెడతారు, ముఖవీణ, మద్దెల ఒక్కసారిగా రేగుతాయి. ఆ గోలలో అర్జునుడు ఏం పాడుతున్నాడో కింద ఎవరికీ వినపడదు. మా అమ్మ కూడా వినలేదు.

గొంతులో పుండు ముదిరింది, గొంతుపెట్టె తీసేయాలి అన్నప్పుడు నాయన అడిగింది ఒక్కటే, వచ్చే ఎండలకు మాను ఎవరెక్కుతారని. మా పెదనాయన కొడుకు, నాకు తమ్ముడు, తాను ఎక్కుతానన్నాడు. ఆపరేషన్ దగ్గరపడింది, పద్యాలు నేర్పే వ్యవధి లేదు. టేపు చేసి ఇస్తానని నేను ఒప్పుకున్నాను.

అప్పుడు నేను తిరుపతిలో ఒక దినపత్రికకు రాసేవాణ్ని. విన్నది కాగితం మీద పెట్టడమే తెలుసు గానీ, గొంతును టేపులో పెట్టడం తెలియదు. రేడియోలో పనిచేసిన ఒకాయనను అడిగితే, ఖాళీ గోడల మధ్య గొంతు మోగుతుంది, గోతాలున్న గది చూసుకో, ఫ్యాను ఆపు, నోటికి జానెడు దూరంలో పెట్టు అని చెప్పాడు. ఆఫీసులో ఒకరి దగ్గర పెద్ద టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్ అడిగి తీసుకుని ఊరికి పోయాను.

మా వేరుశనక్కాయల గది అందుకు సరిగ్గా సరిపోయింది. మూటల నడుమ పీట వేశాను. పక్కనున్న పిండిమర అతను మా కోసం మర ఆపాడు. నేను బ్యాటరీలు వేసి తిరిగి వచ్చేలోపు అమ్మ పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. అదీ మైకు రంధ్రం మీద.

"ఏందిమా ఇది?"

"పనిముట్టు గదరా. బొట్టు లేకుండా పని మొదులు పెడతారా?"

"అది దాని చెవి మా. చెవిలో పసుపు పూస్తే ఏం వినబడతాది?"

"నాకేం తెలుసు, నుదురనుకున్న్యా" అంటూ కొంగుతో తుడిచి, బొట్టు పక్కకు జరిపింది.

మొదటి పద్యం పాడించి విన్నాం. నాయన పక్కనే కూర్చుని పాడినట్టుంది. రెండోది సగంలో ఆగింది. మళ్లీ ఎత్తుకుంటే మళ్లీ అక్కడే ఆగింది.

"ఏం చిన్నాయనా, మాను మీంచి కిందికి సూసి బయపడనోడివి, మిషన్ని సూసి బయపడినావా?" అన్నాడు తమ్ముడు.

"ఆడ కాలు పైకి పడితే నోట్లోకి మాటొచ్చాది. ఈడ శనక్కాయల మద్దిన కూసోబెట్టి పాడమంటే యాడ్నుంచొచ్చాది? నిచ్చెన తేపో."

"గొంతులో పుండు పెట్టుకోని నిచ్చెనెక్కుతావా?" అంది అమ్మ.

"ఎక్కేది కాళ్లతో గదా, గొంతుతో గాదు."

పెరట్లో చింతచెట్టుకు పొడుగాటి నిచ్చెన వేశారు. పెట్టెను నడుముకు కట్టుకోమన్నాను.

"మాను ఎక్కేటోడు నిమ్మకాయలు, విబూది తప్ప ఇంకేం మోయకూడదప్పా."

"ఇది మాను గాదు గదా నాయనా, నిచ్చెన."

"నాకు మానే."

"సరే, నేను నీ ఎనకాలే ఎక్కుతా."

"మాను మింద ఇద్దురా? నువ్వేమన్నా శివుడివా?"

ఇంక నేను చేయగలిగింది ఆ బరువు పెట్టెను రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకోవడమే. నాయన మెట్టెక్కి పద్యం ఎత్తుకున్నాడు. ఈసారి ఎక్కడా తడబడలేదు. బొంగురుపోయిన గొంతుతోనే మెట్టు మీద మెట్టు పోయాడు. చింతకొమ్మల్లో తల కనపడకుండా పోయింది, పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. తమ్ముడు ఊగే నిచ్చెనను అదిమి పట్టుకున్నాడు. అమ్మ కళ్లు మూసుకుంది. నా చూపు పెట్టె మీది ఎర్రలైటు మీదే ఉంది. పైన సన్నగా పద్యం నడుస్తోంది. టేపులో పడుతోంది కదా అని ముగ్గురిలో ఎవరమూ చెవి పెట్టి వినలేదు.

దిగేటప్పటికి నాయన చెమటతో తడిసి, దగ్గుతో వంగిపోయి ఉన్నాడు. "వచ్చినాది, అంతా వచ్చినాది" అన్నాడు. ఇంకొకసారి ఎక్కనివ్వనని అమ్మ నిచ్చెనకు అడ్డం నిలబడింది. తెల్లారితే వేలూరు ప్రయాణం. మొదటి పద్యం అంత బాగా వచ్చింది కాబట్టి మిగతావీ వచ్చే ఉంటాయనుకున్నాం.

అలాంటి పెట్టెల్లో లోపలికి వచ్చే శబ్దం తగ్గేకొద్దీ దగ్గరున్న ఏ చిన్న చప్పుడునైనా తనంతట తానే పెంచుకునే ఏర్పాటు ఉంటుందని రేడియో ఆయన తర్వాత చెప్పాడు.

ఇంటికి వచ్చాక తమ్ముడు రోజూ నాయన ఎదురుగా కూర్చుని పెదాలు చూసేవాడు. పై మెట్టు పద్యంలో మొదటి పాదం అలా దొరికింది. రెండో పాదం దగ్గర నాయన పెదాలే ఆగిపోయాయి. కాలు నేలకేసి కొట్టి, నిచ్చెన ఉండే మూల వైపు చెయ్యి చూపాడు. మళ్లీ ఎక్కుతాడేమోనని అమ్మ దాన్ని అప్పటికే పక్క ఊరి చుట్టాలకు ఇచ్చేసింది.

ఆ ఎండాకాలం తమ్ముడు మాను ఎక్కాడు. కొనకు చేరి మొదటి పాదం పాడి, ఆగి, చేతులు జోడించాడు. కింద గోవిందలు మిన్నుముట్టాయి. నిమ్మకాయలు పడ్డాయి, కొంగులు పట్టుకున్నారు. ఏదో తక్కువైందని ఊళ్లో ఎవరూ అనుకోలేదు. నాయన మాను మొదట్లో నిలబడి పైకే చూస్తున్నాడు.

ఆయన పోయిన తర్వాత తిరుపతిలో కంప్యూటర్ మీద పాటలు శుభ్రం చేసే ఒకతని దగ్గరికి టేపు తీసుకుపోయాను. రొప్పు తగ్గిస్తే దాంతోపాటు పద్యమూ తగ్గుతోంది, పద్యం పెంచితే రొప్పు పెరుగుతోంది అన్నాడు.

మాను ఎక్కేది ఇప్పటికీ తమ్ముడే. భారతం దగ్గరపడగానే ఫోన్ చేసి, "అన్నా, ఏమన్నా తెలిసినాదా?" అని అడుగుతాడు. ఆ పద్యంలో మొదటి పాదం తర్వాత ఏముందో మాకు తెలియదు.