పై గదిలో కత్తెర

మా మేనత్త బట్టలు కుడుతుంది. కుట్టుమిషను కింది గదిలో, వీధి కిటికీ పక్కన ఉంటుంది. కత్తెర మాత్రం మేడమీద, ఆమె పడుకునే గదిలో మేకుకు వేలాడుతుంది. దారపు రీళ్ళు వంటింట్లో, ఇస్త్రీపెట్టె పెరటి వసారాలో. ఒక్క చొక్కా పూర్తయ్యేలోపు ఇల్లంతా చుట్టి రావాల్సిందే.

బుద్ధున్న దర్జీ ఎవరైనా ఇలా పెట్టుకుంటారా? సెలవులకు వెళ్ళిన ప్రతిసారీ నాకు ఇదే సందేహం. పోనీ తెచ్చిపెడదామని లేస్తే ఊరుకోదు.

"కూచోవే. నా కాళ్ళు అద్దెకిచ్చానా ఏంటి?" అంటుంది.

ఎండాకాలం తెల్లవారుతూనే మొక్కలకు చెంబుతో నీళ్ళు పోసేది. బకెట్టుతో పోస్తే పని ఇట్టే అయిపోతుందట, అదీ ఆమె బాధ! వానాకాలం బట్టలు మేడమీద ఆరేసి, చినుకు పడగానే మెట్లెక్కేది. చలికాలం దుప్పట్లన్నీ పైకి మోసి కర్రతో దులిపేది. ఆ దులుపుడు చూస్తే దుప్పట్లతో పాతకక్షలేవో ఉన్నాయనిపించేది.

ఆమె కొడుకు, అంటే మా బావ, వడ్రంగి. చేతిలో పనితనం ఉంది, ఆ సంగతి ఆయనకీ బాగా తెలుసు. కిందటి వేసవిలో తల్లి అవస్థ చూడలేక మిషను చుట్టూ అందమైన అరలు చేసి బిగించాడు. కత్తెరకో అర, రీళ్ళకో అర, పక్కనే ఇస్త్రీకి బల్ల. కూర్చున్న చోటు నుంచి కదలక్కర్లేదు. చూసినవాళ్ళంతా కొడుకంటే ఇలా ఉండాలన్నారు.

చలికాలంలో వెళ్ళేసరికి దుప్పట్లు దులపలేదు. అత్తయ్య బల్ల పట్టుకుని లేస్తోంది, గోడ పట్టుకుని నడుస్తోంది. మెట్లెక్కడమంటే భయపడుతోంది. జబ్బేమీ లేదు, కదలిక తగ్గి కాళ్ళు పట్టేశాయన్నాడు డాక్టరు. బావ మాత్రం అమ్మకిక మేడగది వద్దని, కింద వేయడానికి పొట్టి మంచం చేయాలని కర్ర కూడా కొనుక్కొచ్చాడు. ఆ కర్ర వంక అత్తయ్య చూసిన చూపు నాకు నచ్చలేదు. పొద్దున్నే వీధంతా కనిపించే ఆ గదంటే ఆమెకు ప్రాణం.

"అసలు కత్తెర పైనెందుకు పెట్టేదానివి అత్తయ్యా?" ఇన్నాళ్ళకు సూటిగా అడిగేశాను.

"మీ బావ పాకే రోజుల్లో అందకుండా పెట్టాను. వాడు పెద్దాడయ్యాక కిందికి దించితే నెల తిరక్కుండానే నడుం పట్టేసింది. మళ్ళీ పైకెక్కించా. ఆ తర్వాత రీళ్ళు, ఇస్త్రీపెట్టె కూడా దూరం జరిపా."

"మరి ఈ అరలు వద్దని చెప్పొచ్చుగా?"

"చేతులు బొబ్బలెక్కేలా చేశాడే. ఎలా చెప్పను?"

తల తిప్పి చూస్తే గుమ్మంలో బావ, చేతిలో కొలతటేపుతో నిలబడి ఉన్నాడు. టేపు చుట్టుకుంటూ మెట్ల వైపు వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దంతా మెట్ల దగ్గర సుత్తి చప్పుడు. మంచానికని తెచ్చిన కర్ర నున్నగా చిత్రికపట్టి, చేత్తో పట్టుకుని ఎక్కేందుకు మెట్ల పొడుగునా గోడకు బిగించాడు.

సాయంత్రం అత్తయ్య అరలో చెయ్యి పెట్టి వెతికింది. "కత్తెరేదిరా?"

"పైన. పాత మేకుకే ఉందమ్మా."

ఆమె కొడుకు వైపు చూసింది, మెట్ల వైపు చూసింది. లేచింది. కర్ర పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కింది. వెనకే ఒక మెట్టు కింద బావ, తాకకుండా చేతులు చాపి. పైమెట్టు మీదికి చేరాక ఆమె అక్కడే నిలబడి కాసేపు ఆయాసం తీర్చుకుంది.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంట్రా? కిందికి పో. పోయి ఆ ఇస్త్రీపెట్టె కూడా వసారాలో పెట్టు."

బావ కళ్ళు తుడుచుకుంటూ దిగివచ్చి ఇస్త్రీపెట్టె ఎత్తుకున్నాడు.