ఆపమంటే ఆగే తాతయ్య

నా చిన్నప్పుడు బిర్సానగర్‌లో మా సందు పిల్లలకి ఒక ఆటబొమ్మ ఉండేది. బొమ్మ అంటే మనిషే, యాభై దాటిన మనిషి. రెండు చేతులూ పక్కలకి బారజాపి ఎదురుగా నిలబడితే చాలు, మా వించ్ తాతయ్య ఎక్కడివాడక్కడ ఆగిపోయేవాడు. టీ గ్లాసు నోటి దగ్గరుంటే అక్కడే ఉండిపోయేది. అడుగు గాల్లో ఉంటే గాల్లోనే ఉండేది. మేం చేతులు దించేదాకా కదిలేవాడు కాదు. ఒకసారి ఆయన భార్యని తెగ తిడుతుండగా వెళ్ళి నిలబడ్డాం. తిట్టు సగంలో ఆగిపోయింది. ఆవిడ చీపురు పక్కన పెట్టి, "ఒలమ్మీ, రోజూ ఇదే ఏలకి వచ్చి నిలబడండే" అని మాకు తలా ఒక బెల్లంముక్క పెట్టింది.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. మాలాగే శ్రీకాకుళం వైపునుంచి పొట్ట చేతపట్టుకుని ఆ హిందీ కార్ఖానాల ఊరికి వచ్చినవాడు. కట్టే భవనాల దగ్గర వించ్ నడిపేవాడు. ఇనప తాడు చుట్టుకునే యంత్రం అది. తాడు రెండో కొస పైనున్న కప్పీ మీదుగా దిగి బరువుని పైకి లాగుతుంది. ఆయన ఆ యంత్రం పక్కన రేకుల గుడిసెలో కూర్చుని, ఒక చేత్తో లివరు, ఒక కాలితో బ్రేకు పట్టుకుని ఉండేవాడు. సందులో అందరూ ఆయనతో బాగానే ఉండేవారు, మా అమ్మ తప్ప. అమ్మ ఆయన చేతి మంచినీళ్ళు కూడా ముట్టుకునేది కాదు. నన్ను ఆయన గుమ్మం తొక్కొద్దనేది. నేను తొక్కేదాన్ని. ఆడపిల్లకి అంత పెంకితనం పనికిరాదని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు.

అమ్మ కోపానికి కారణం మా నాన్న. నాన్న ఖలాసీ, అంటే బరువులకి తాళ్ళు బిగించి పైకి పంపే పనివాడు. ఒక వానాకాలం సాయంత్రం ఇనప చువ్వల కట్ట పైకి వెళ్తుంటే, దాని ముడి జారడం కింద మట్టి మోసే ఒక రేజా చూసింది. కూలి ఆడవాళ్ళని అక్కడ రేజా అనేవారు. ఆమె తట్ట విసిరేసి రెండు చేతులూ చాచింది. వించ్ తాతయ్యకి ఆమె కనబడింది. కానీ ఆయన ఆగకుండా జెండా మనిషి వైపు చూశాడు. సైగ అతనొక్కడే ఇవ్వాలని కంట్రాక్టరు మాట. జెండా మనిషి అటు తిరిగి బీడీ ముట్టించుకుంటున్నాడు. ఆయన చూపు ఆమె మీదనుంచి జెండా మీదకి వెళ్ళి వచ్చేలోపు కట్ట జారిపోయింది. దాని కింద మా నాన్న ఉన్నాడు.

కంట్రాక్టరు పెద్దమనసు చేసుకుని నాన్న బదులు అమ్మని పనిలోకి తీసుకున్నాడు. మాకు దక్కిన పరిహారం అదే. నాన్న మీదకి బరువు వదిలిన యంత్రం కిందే అమ్మ తట్టలు మోయాల్సి వచ్చింది. ఇంకెక్కడికి వెళ్తుంది? ఒళ్ళో పాలు మానని మా తమ్ముడు, పక్కన నేను, ఊరికి తిరిగి వెళ్దామంటే అక్కడ గోడ కూడా మిగల్లేదు.

మా ఆట మొదలైంది నాన్న పోయిన తరవాతే. ఒకనాడు తాతయ్య పిల్లలందరినీ అరుగు దగ్గర కూర్చోబెట్టి చేతులు ఎలా చాచాలో నేర్పాడు. "ఎత్తమని ఒక్కడే సెప్పాల. ఆపమని ఎవుళైనా సెప్పొచ్చు. రేజా అయినా, సంటిపిల్లైనా. ముందు ఆపాల, ఆపినాక అడగాల" అన్నాడు. కార్ఖానాలో పెద్ద క్రేన్ మీద హెల్పరుగా ఉన్నప్పుడు నేర్పిన నియమమట. ఆయనకి అది మొదటినుంచీ తెలుసు. తెలిసీ ఆ సాయంత్రం ఒక కూలి మనిషికి ఏం తెలుసులే అనుకున్నాడు. మేం ఆడుకుంటున్నాం అనుకునేవాళ్ళం. ఆయన మాత్రం తన చేతులకి, కాళ్ళకి కొత్త అలవాటు చేసుకుంటున్నాడని నాకు పెద్దయ్యాక తట్టింది.

తరవాతి ఎండాకాలంలో ఒక రోజు వచ్చింది. ఆదిత్యపూర్‌లో ఒక ఎత్తయిన కట్టడానికి ఢలాయి, అంటే పైకప్పుకి కాంక్రీటు పోసే రోజు. ఢలాయి మొదలుపెట్టాక ఆపడమనేది ఉండదు. మధ్యలో ఆపితే పోసినంత మేరా గట్టిపడి అతుకు పడుతుంది. అందుకే ఆ రోజు పనికి రాని రేజాని మళ్ళీ పిలవరు. అమ్మకి అప్పటికే జ్వరం. ఒళ్ళు పెనంలా కాలుతుంటే తలకి తడిగుడ్డ కట్టుకుని, తమ్ముణ్ణి నా చంకకెక్కించి బయలుదేరింది. వద్దని నేను ఏడ్చాను. "మానీసి ఏటి తింతావే?" అంది. తమ్ముణ్ణి మోసుకుంటూ నేనూ వెంట నడిచాను.

మధ్యాహ్నానికి అమ్మ వెదురు నిచ్చెనబాట ఎక్కలేకపోయింది. ఒకసారి సగం దారిలో కూర్చుండిపోయి, వెనక వాళ్ళు అరిస్తే లేచింది. ఆ పక్కనే ఇనప స్తంభాల మధ్య కాంక్రీటు బళ్ళు పైకి తీసుకెళ్ళే చెక్కబల్ల ఉంది, దాన్ని లాగేది తాతయ్య వించే. దాని మీద మనుషులు ఎక్కరాదని ఎర్రరంగుతో హిందీలో బోర్డు రాసి పెట్టారు. ఆద్మీ అని, అంటే మగవాడని రాశారు కదా, మనం ఆడవాళ్ళం, మనకేం అని రేజాలు నవ్వుకునేవారు. మనిషి కనబడితే తాతయ్య యంత్రం కదిలించేవాడు కాదు. అందుకని బండి వెనక ఒదిగి కూర్చుని ఎక్కేవారు. కూలీల లెక్క చూసే మున్షీకి తెలుసు. పని జరగాలి కాబట్టి చూడనట్టు గంట కొట్టేవాడు. ఆ మధ్యాహ్నం అమ్మ కూడా అలాగే ఒదిగి కూర్చుంది. గంట మోగింది.

తమ్ముణ్ణి ఎత్తుకుని ఇసక కుప్ప దగ్గర నిలబడి నేను పైకే చూస్తున్నాను. బల్ల లేస్తోంది. అమ్మ చీరకొంగు బల్ల అంచునుంచి వేలాడుతోంది. ఇంకా పైన, కప్పీ దగ్గర, తాడు ఒక్కసారి పక్కకి ఎగిరినట్టు కనిపించింది. బల్ల వణికింది.  అమ్మా అని అరిచాను కానీ ఇంజను మోతలో నా గొంతు నాకే వినబడలేదు. నాన్నని మోసుకొచ్చిన మంచం కళ్ళముందు కనబడింది. తమ్ముణ్ణి ఇసకలో కూలేసి రేకుల గుడిసె ముందుకి పరిగెత్తి రెండు చేతులూ చాచాను.

తాతయ్య నన్ను చూశాడు. మున్షీ వైపు చూడలేదు. బ్రేకు తొక్కి పట్టాడు.

బల్ల నడిమధ్యలో ఆగి ఊగింది. మున్షీ ఊగిపోతూ వచ్చాడు. "ఢలాయి రోక్ దియా? ఏక్ బచ్చీ కే కెహనే పర్?" అంటూ, ఒక చిన్నపిల్ల చెబితే ఢలాయి ఆపేస్తావా అని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాడు. పైనుంచి మేస్త్రీలు అరుస్తున్నారు. తాతయ్య బ్రేకు మీదనుంచి కాలు తీయకుండా నన్ను మాత్రమే అడిగాడు.

"ఏటమ్మా, ఏటి సూసినావు?"

"రస్సీ హిలీ. అమ్మ ఊపర్ హై" అన్నాను కంగారులో హిందీలోనే, తాడు కదిలింది, అమ్మ పైనుంది అని.

 పైన మనిషి ఉందని ఆయనకి అప్పుడే తెలిసింది. ఒక కుర్ర ఖలాసీని స్తంభం ఎక్కి కప్పీ చూడమన్నాడు. అతను ఎక్కేంతసేపూ నేను చేతులు దించలేదు, దించితే బల్ల కదులుతుందని భయం. వెనక తమ్ముడు ఏడుస్తున్నాడు. అతను పైకెక్కి అటూ ఇటూ చూసి, "సబ్ ఠీక్ హై" అని కేకేశాడు. తాడు కప్పీలోనే ఉంది. ఇక లాగమని మున్షీ మీదికొచ్చాడు. "మనిషుంటే లాగను. దించుతాను" అన్నాడు తాతయ్య. బల్లని మెల్లగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు నేలకి దించాడు. ఈలోగా బళ్ళలో కాంక్రీటు బిగుసుకోవడం మొదలైంది.

దిగుతూనే అమ్మ నన్ను లాగి లెంపకాయ కొట్టింది. ఇంకొకటి కొట్టబోయి, కొట్టలేక, నన్ను పట్టుకుని నేలమీద కూలబడింది. ఆ వేడి ఒళ్ళు, సిమెంటు వాసన నాకింకా గుర్తున్నాయి. కంట్రాక్టరు మనిషి వచ్చి తాతయ్యని, అమ్మని ఇద్దర్నీ మర్నాటినుంచి రావద్దన్నాడు. చంటిపిల్ల మాటకి ఢలాయి ఆపినవాడికి ఈ ఊళ్ళో ఇంకెవడూ వించ్ ఇవ్వడని కూడా అన్నాడు. తాతయ్య బతిమాలలేదు. గుడిసెలోంచి తువ్వాలు తెచ్చుకుని మా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. అమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. నాన్న పోయాక ఆయనతో అమ్మ మాట్లాడటం అదే మొదలు.

"ఆ దినం కూడా ఇలగే ఆపీసుంటే బాగుణ్ణు గదా, బాబూ."

 ఆయన తువ్వాలు భుజాన వేసుకుని ఒంటరిగా నడిచి వెళ్ళిపోయాడు.

కంట్రాక్టరు మనిషి అన్నట్టే అయింది. ఆయనకి ఎక్కడా పని దొరకలేదు. అమ్మ గోవింద్‌పూర్ క్వార్టర్లలో అంట్లు తోమడానికి కుదిరింది. జ్వరం తగ్గినా దాంతో పట్టుకున్న దగ్గు పోలేదు. చలికాలం వచ్చేసరికి తాతయ్య ఊరికి వెళ్ళిపోతున్నాడని తెలిసింది. ఆయన భార్య ముందు నడుస్తోంది, ఆయన భుజాన రేకుపెట్టె ఉంది. సందు మలుపులో నేను ఎదురెళ్ళి రెండు చేతులూ చాచాను.

ఆయన ఆగిపోయాడు. పెట్టె బరువుకి మెడ ఒంగిపోయినా, రైలు వేళవుతోందని భార్య పిలుస్తున్నా కదల్లేదు. చేతులు దించకపోతే వెళ్ళడని నాకు తెలుసు. భుజాలు లాగేస్తున్నా పళ్ళ బిగువున నిలబడ్డాను. ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తలేదు. చివరికి అమ్మ వెనకనుంచి వచ్చి, నా చేతులు రెండూ పట్టుకుని మెల్లగా కిందికి దించింది. ఆయన్ని చూసి, "ఎల్లిరా, బాబూ" అంది.

ఆ మధ్యాహ్నం తాడు నిజంగా ఎగిరిందో, ఎండకి నా కళ్ళు చెదిరాయో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆయన కూడా తేల్చుకోలేదు. తేలేదాకా యంత్రం ఆపకపోతే ఏమవుతుందో ఆయన ఒకసారి చూశాడు. ఇప్పుడు మా మనవరాలు ఆటలో నా ముందు చేతులు చాస్తే, పొయ్యి మీద పాలు పొంగుతున్నా నేను ఉన్నచోటే ఆగిపోతాను. ఎందుకాగావని కోడలు విసుక్కుంటుంది. ఆ పిల్ల చేతులు దించాకే చెబుతాను.